గోరంత కప్పచేప

అచ్యుత్‌కు దగ్గరి వస్తువులు సరిగ్గా కనబడక రెండు మూడేళ్లయింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఇంట్లో అందరికీ తెలుసన్న సంగతి ఆయనకు తెలియదు.

బెంగళూరు బళేపేటలో ఆయనకు ఇనుపసామాన్ల అంగడి ఉంది. తాత హిందూపురం నుంచి వచ్చి పెట్టిన అంగడి. చిన్నప్పటి నుంచీ మేకుల డబ్బాల మధ్య పెరిగినవాడు కాబట్టి ఏ స్క్రూ ఎంత సైజో వేలితో తడిమి చెప్పేస్తాడు. చూడాల్సిన అవసరమే రాదు. అంగట్లో అలా గడిచిపోయింది. ఇబ్బందంతా ఇంట్లోనే. పేపరు చదవాలంటే చెయ్యి బారుగా చాచి పట్టుకోవాలి. ఆ చెయ్యి కూడా చాలని రోజు వచ్చాక, హాల్లో వెలుతురు తక్కువైందని ట్యూబులైటు మార్పించాడు. కొన్నాళ్లకు పక్కన ఇంకొకటి పెట్టించాడు. సాయంత్రమైతే చామరాజపేటలో ఆ వీధి మొత్తానికి వాళ్ల హాలే పెళ్లిమంటపంలా వెలిగేది. ఎవరైనా శుభలేఖ ఇచ్చి వెళ్తే భార్య చేతికిచ్చి, "నువ్వు చదువు వరూ, నీ గొంతులో వింటే బాగుంటాది" అనేవాడు.

వరూధిని బ్యాంకులో ఆఫీసరు. రోజంతా కాగితాలు చదివి వచ్చిన మనిషి మళ్లీ ఈయనకు శుభలేఖలు చదివి పెట్టేది. కళ్లద్దాల మాట ఒకసారి ఎత్తితే ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. అప్పటి నుంచి ఆ మాట ఎత్తడం మానేసింది.

2007 చివర్లో ఒక ఆదివారం వరూధిని చెల్లెలు హేమలత వచ్చింది. అక్క పెళ్లిలో రెండు జడలతో తిరిగిన ఆ పిల్ల ఇప్పుడు సర్జాపుర రోడ్డులో కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో ఒకదాంట్లో ఒక్కతే ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. సెలవు దొరికితే చాలు, అండమాన్ వెళ్లి సముద్రంలో దిగుతుంది. వీపుకు సిలిండరు కట్టుకుని అడుగున తిరుగుతూ ఫొటోలు తీస్తుంది. ఆ రోజు ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఫొటోలే చూపించింది. తెర నిండా ఊదారంగు ఒళ్లు, నారింజరంగు కొమ్ములు ఉన్న ప్రాణి ఒకటి.

అచ్యుత్ కుర్చీ వెనక్కి జరిపి చూశాడు. "అబ్బో, పిల్లి అంత ఉండాది. కరవదా?"

"పిల్లి కాదు బావా, నీ చిటికెన వేలి గోరంత ఉంటాది. గుల్ల లేని నత్త అది. ఫొటోలో పెద్దగా చేసినాను."

"గోరంత దాని కోసం సముద్రం దాకా పోతావా? నత్తలు కావాలంటే వానాకాలంలో మా పెరట్లో బేకాదన్ని, ఎన్నంటే అన్ని. తిమింగలం చూసినావా, సొరచేప చూసినావా, అది చెప్పు."

హేమలత తర్వాతి ఫొటో తెరిచింది. అందులో చిన్న పీత ఒకటి, రెండు చేతుల్లోనూ పూలగుత్తుల్లాంటివి పట్టుకుని నిలబడి ఉంది. అవి పూలు కావనీ, కుట్టే గుణమున్న చిన్న ప్రాణులనీ, ఎవరైనా మీదికి వస్తే ఆ పీత వాటిని ఊపి బెదిరిస్తుందనీ హేమలత చెప్పింది. వరూధిని కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"దీన్ని నేను చూడాల హేమా," అంది. "ఈసారి నేనూ వస్తాను."

వరూధినికి ఈత రాదు. తలంటు పోసుకునేటప్పుడు మొహం మీద నీళ్లు పడితేనే ఊపిరాడనట్టు చేసే మనిషి. అచ్యుత్ నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. "నువ్వు పోతే నేను ఊరికే ఉంటానా. ఆనేకల్లో మా అమ్మ పుట్టింటి బావిలో నేను దూకినంతగా ఎవడూ దూకలేదు," అన్నాడు. అలా ఆయన కూడా బయల్దేరక తప్పలేదు.

బెంగళూరులోనే ఒక స్విమ్మింగ్ పూల్లో వారం వారం శిక్షణ మొదలైంది. అచ్యుత్ మొదటి రోజే నీళ్లలో దున్నపోతులా హాయిగా తేలాడు. మునగడమే రాలేదు. శిక్షకుడు నడుముకు సీసం దిమ్మెలు కట్టాడు. అయినా పొట్ట పైకి లేస్తుంటే ఇంకొన్ని కట్టాడు. వరూధిని కష్టం వేరు. మొహం నీళ్లలో పెట్టడమే ఆవిడకు పెద్ద పరీక్ష. ఇంట్లో బాత్రూములో బకెట్టు నిండా నీళ్లు పట్టుకుని, తలుపు గడియ పెట్టుకుని, అందులో మొహం ముంచి సాధన చేసేది. బయట అచ్యుత్ తువ్వాలు భుజాన వేసుకుని నిలబడేవాడు.

"ఉండావా వరూ?"

జవాబు వచ్చేది కాదు.

"ఉండావా అంటే మాట్లాడవే?"

"నోరు నీళ్లలో పెట్టుకోని ఎట్ల మాట్లాడేది," అని బకెట్టులోంచి లేచి ఆవిడ విసుక్కునేది. సంక్రాంతి వెళ్లేసరికి ఆవిడ పూల్ అడుగున కూర్చుని నిమ్మళంగా ఊపిరి తీయడం నేర్చుకుంది. అచ్యుత్ ఈ విషయం బళేపేటలో అందరికీ చెప్పాడు. బావిలో తాను దూకిన కథ కూడా దానికి ముందో వెనకో ఉండేది.

ఫిబ్రవరిలో అంగడిని గుమాస్తా పెద్దమునియప్పకు అప్పగించి ముగ్గురూ అండమాన్ చేరారు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి పడవలో వెళ్తే ఒక ద్వీపం. అక్కడ కొబ్బరిచెట్ల కింద పది పన్నెండు గుడిసెలు. దాన్ని రిసార్టు అంటారు. ఆ రిసార్టుకు వచ్చేవాళ్లంతా హేమలత జాతే. అంటే, సముద్రానికి వచ్చి అందులో అతి చిన్నదేదో దాన్ని వెతుక్కునేవాళ్లు. భోజనాల దగ్గర ఒక ముసలి దొర దంపతులు రొయ్య మీద బతికే ఇంకో చిన్న రొయ్య గురించి గంటసేపు మాట్లాడుకున్నారు.

వాళ్లను నీళ్లలోకి తీసుకెళ్లే గైడు పేరు మార్త. పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టిన తెలుగావిడ. అమ్మానాన్నలది శ్రీకాకుళం వైపు. వయసు నలభై దాటింది. కత్తిరించిన జుట్టు, ఎండకు రాగిరంగు తిరిగిన భుజాలు. ఆ రిసార్టులో డైవింగ్ వ్యవహారమంతా ఆవిడ మాట మీదే నడుస్తుంది. దొరలు కూడా ఆవిడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడతారు.

"సొరచేపలు కనబడతాయా అండీ?" అని అచ్యుత్ మొదటి రోజే అడిగాడు.

"ఉంటాయండీ," అంది మార్త. "మీరు పైకి చూస్తే కనబడతాయి. మేం కిందకే చూస్తాం."

నీళ్లలో మాటలుండవు కాబట్టి సైగలే భాష. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే అంతా బాగుందని, చూశానని. అరచెయ్యి బల్లపరుపుగా పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఏదో సరిగ్గా లేదని. మార్త ఈ రెండూ వాళ్లచేత పదిసార్లు చేయించి, అప్పుడు దింపింది.

మొదటిసారి అడుగుకు చేరినప్పుడు వరూధిని భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత తనకు తెలియకుండానే వదిలేసింది. తలెత్తితే వెలుతురు పైన ఎక్కడో పలచటి తెరలా ఊగుతోంది. పసుపు చారల చేపలు మనుషుల్ని లెక్కచేయకుండా పక్కనుంచి పోతున్నాయి. అచ్యుత్ కూడా తిమింగలాల మాట మరిచిపోయి నోట్లో గొట్టంతోనే నవ్వబోయాడు. కాసిన్ని నీళ్లు మింగాడు.

మార్త చేతిలో సన్నటి స్టీలు కడ్డీ ఒకటి ఉంటుంది. ఒక పగడపు కొమ్మ దగ్గర ఆగి కడ్డీ కొన చూపించింది. హేమలత వంగి చూసి సున్నా చుట్టింది. వరూధిని చూసింది. ఆవగింజంత కళ్లున్న గాజులాంటి రొయ్య. ఆవిడా సున్నా చుట్టింది. అచ్యుత్ వంతు వచ్చింది. ఆయనకు కడ్డీ కనబడింది. కడ్డీ చివర ఎర్రటి మసక కనబడింది. దగ్గరికి జరిగితే మసక పెద్దదైంది. వెనక్కి జరిగితే మసక చిన్నదైంది. ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన నిండుగా ఒక సున్నా చుట్టాడు.

"ఎట్లుండాది బావా రొయ్య?" అని పైకొచ్చాక హేమలత అడిగింది.

"మస్తుగా ఉండాది," అన్నాడు అచ్యుత్. అంతకంటే ఏమీ అనలేదు.

ఆ ఒక్కసారికే ఆగి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. కానీ రెండో రోజుకు ఆయనకు ధైర్యం వచ్చింది. ఎవరో ఒకరు ముందు మాట్లాడేదాకా ఆగి, వాళ్లన్నదాన్ని కొంచెం మార్చి చెప్పడం పట్టుబడింది. హేమలత "తోక దగ్గర చుక్కలు చూసినావా" అంటే, "చుక్కలు సరే, వాటి మధ్య ఎడం చూసినావా, ఎంత ముద్దుగా ఉండాదో" అనేవాడు. మూడో రోజుకు నిన్నటి నత్తనూ ఈవేళటి నత్తనూ పోల్చి, "నిన్నటిది కొంచెం లావు" అని తేల్చేశాడు. ముసలి దొర ఆయన చూపును మెచ్చుకుని తలూపాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం వరూధినికి ఆ పీత కనబడింది. తన ఇంట్లో, ల్యాప్‌టాప్ తెర మీద చూసిన పీతే. మార్త ఒక చిన్న రాయిని మెల్లగా కదిపితే, దాని నీడలోంచి వచ్చి రెండు చేతుల్లో రెండు పూలగుత్తులు ఎత్తి అటూ ఇటూ ఊపింది. కందిగింజ కంటే కొంచెం పెద్దది. అంత చిన్నది ఇంత పెద్ద మనుషుల్ని బెదిరిస్తుంటే వరూధినికి నవ్వూ వచ్చింది, ఎందుకో కళ్లలో నీళ్లూ వచ్చాయి. వెంటనే భర్త చెయ్యి పట్టి లాగి, ఆయన వేలిని తానే పట్టుకుని చూపించింది. ఆయన సున్నా చుట్టాడు. రెండో చేత్తో కూడా చుట్టాడు. మాస్కు అద్దం వెనక ఆయన కళ్లు ఆవిడకు స్పష్టంగా కనబడుతున్నాయి. అవి పీతను చూడడం లేదు. పీతకు జానెడు అవతల ఇసుకను ఎంతో ఇష్టంగా చూస్తున్నాయి.

సాయంత్రం టీ తాగుతూ ఆవిడ అడిగింది. "దాని చేతుల్లో ఏముండాయి?"

"పూలు," అన్నాడు అచ్యుత్ తడుముకోకుండా.

"ఏ రంగు?"

ఆయన ఒక్క క్షణం టీ వైపు చూశాడు. "నీకు నచ్చే రంగే."

వరూధిని లేచి చెల్లెలి గుడిసెకు వెళ్లింది. "మీ బావకు ఏమీ కనబడడం లేదు. మొదటి రోజు నుంచి ఒక్కటీ చూడలేదు," అంది. మిగతావి చూడకపోయినా తనకు పట్టింపు లేదు. ఆ పీతను కూడా చూశానన్నాడే, అదే ఆవిడకు కష్టంగా ఉంది.

హేమలత నవ్వి నవ్వి మంచం మీద పడింది. తర్వాత లేచి కూర్చుంది. ఆమె మొహంలో మరదళ్లకు మాత్రమే వచ్చే ఆలోచన ఒకటి వచ్చింది. ఇద్దరూ మార్త దగ్గరకు వెళ్లారు. రేపు పొద్దున ఎక్కడైనా ఖాళీ ఇసుక మీద కడ్డీ పెట్టి, అక్కడేదో ఉన్నట్టు చూపించమన్నారు. మార్తకు అది నచ్చలేదు. "నా కడ్డీ మీద నమ్మకంతో వస్తారండీ జనం," అంది. హేమలత వదల్లేదు. చివరికి మార్త, "సరే, చూద్దాం లెండి," అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున, ఒక పగడపు దిబ్బ అంచున, విరిగిన కొమ్మ ఒకటి, దాన్ని పట్టుకుని పెరిగిన తుప్పురంగు స్పాంజి, చుట్టూ ఇసుక. అక్కడ మార్త ఆగి కడ్డీ పెట్టింది. హేమలత పెద్ద శ్రద్ధగా వంగి చూసి సున్నా చుట్టింది. వరూధిని కూడా చూసి సున్నా చుట్టింది. నవ్వు ఆపుకోవడం వల్ల ఆవిడ బుడగలు కొంచెం ఎక్కువగా వచ్చాయి. అచ్యుత్ ముందుకు వంగాడు. కొంచెం వెనక్కి జరిగాడు. తల పక్కకు వంచాడు. ఆపైన సున్నా చుట్టడమే కాకుండా, గుళ్లో దేవుడికి పెట్టినట్టు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

మధ్యాహ్నం చేపల పులుసూ అన్నమూ వడ్డించాక హేమలత మొదలుపెట్టింది. "ఈ పొద్దు చూసిన దాని పేరు మార్తక్క చెప్పలేదు. ఎట్లుండాది బావా అది, నువ్వు బాగా చూసినావు కదా?"

ఈసారి ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదు. అందుకోవడానికి మాట దొరకలేదు. అచ్యుత్ అన్నం కలుపుతూ కొంచెం ఆలోచించాడు. "సన్నగా ఉండాది," అన్నాడు. ఇద్దరూ కాదనలేదు. "సన్నగా, పొడుగ్గా. ఎర్రచార."

"మీసాలున్నాయా?" అంది వరూధిని మెల్లగా.

"ఉండాయి కదా. రెండు మీసాలు. ఒకటి కొంచెం పొట్టి, పాపం ఎవరన్నా కొరికినారేమో."

"నిన్ను చూసినాదా బావా?"

"చూసినాది. చూసి నిలబడినాది. నేను దండం పెట్టినాను చూడు, అప్పుడు తలూపినాది."

"పక్కన పిల్లలు కూడా ఉన్నట్టుండాయే," అంది వరూధిని.

"రెండు," అన్నాడు అచ్యుత్. "ఒకటి వెనక దాక్కోని ఉండాది. అది నాకు మాత్రమే కనబడిండొచ్చు."

అక్కాచెల్లెళ్లు ఇక ఆగలేకపోయారు. హేమలత బల్ల మీద తల పెట్టేసింది. వరూధిని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. ఆయనా మొదట కొంచెం నవ్వాడు. తర్వాత ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఇద్దరినీ చూశాడు. "అక్కడ ఏమీ లేదు బావా," అంది హేమలత కళ్లు తుడుచుకుంటూ. "సుమ్నే, ఊరికే ఇసుక. మేమే చూపించమన్నాం."

అచ్యుత్ కలిపిన ముద్ద కంచంలోనే పెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

హేమలత మొహం చిన్నబోయింది. "ఎక్కువైందా అక్కా?" అంది. వరూధిని కూడా అన్నం వదిలేసింది.

ఎండ తగ్గాక ఆయన్ని వెతుక్కుంటూ ఒడ్డుకు వెళ్లింది. పోటు తగ్గి సముద్రం దూరం జరిగింది. ఒక ఎండిన దుంగ మీద అచ్యుత్ కూర్చుని ఉన్నాడు. ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంది.

"నవ్వుకున్నారా బాగా?" అన్నాడు ఆయన.

"నవ్వుకున్నాం. మీసం పొట్టిగా ఉండాదన్న చోట ఎక్కువ."

ఆయన మూతి కదిలింది కానీ నవ్వలేదు.

"కనబడలేదని ఒక మాట చెప్పుంటే ఏం పోయేది?"

"అందరూ చూసినాం చూసినాం అంటాండారు. అంత మందిలో నేనొక్కడే కాదంటే ఏం బాగుంటాది."

"అది సరే. ఇంట్లో నాకన్నా చెప్పొచ్చు కదా. ట్యూబులైటు మీద ట్యూబులైటు పెట్టుకుంటా పోయినారు."

అచ్యుత్ దుంగకు అంటిన ఇసుక దులిపాడు. "మా నాయన కళ్లద్దాలు పెట్టుకోని అంగట్లో కూర్చున్న మొదటి దినం నాకు బాగా గుర్తుండాది," అన్నాడు. "ముందు దినం దాకా అందరూ ఆయన్ని అన్నా అని పిలిచేవాళ్లు. ఆ పొద్దు వచ్చిన మొదటి గిరాకీ, పెద్దాయనా అన్నాడు. ఇంక అంతే. సాయంత్రానికి బళేపేట మొత్తానికి ఆయన పెద్దాయనే. ఒక్క పూటలో."

వరూధిని వింటూ ఇసుకలో కాలివేళ్లు దూర్చింది.

"ఇంకొకటి కూడా ఉండాది," అన్నాడు ఆయన, సముద్రం వైపు చూస్తూ. "దగ్గరికొస్తే నువ్వూ మసకే నాకు. ఆ మసకలో నీకు పెళ్లినాటి వయసే ఉండాది. అద్దాలు పెట్టుకుంటే అది పోతాది."

ఆవిడ ఆయన్ని పక్కనుంచి చూసింది. "ఈ మాట ముందే చెప్పుంటే అద్దాల ఊసు నేను ఎత్తేదాన్నే కాదు," అంది నవ్వుతూ. తర్వాత నవ్వు తగ్గించుకుని మళ్లీ అంది. "కానీ ఆ పీతను మీకు చూపించాలని నాకు ఎంత ఉండిందో తెలుసా. బకెట్లో మొహం పెట్టి పెట్టి నేర్చుకున్నాను. మీరు చూడకుండానే చూసినానన్నారు. అదే బాగలేదు."

అచ్యుత్ తల వంచుకున్నాడు. "నిజమే," అన్నాడు. కాసేపటికి, "ఏ రంగు పూలు అవి?" అని అడిగాడు.

"చెప్పను. మీరే చూసి నాకు చెప్పండి."

చీకటి పడుతుండగా ఇద్దరూ కలిసి భోజనాల పాకకు వచ్చారు. హేమలత లేచి వచ్చి బావ పక్కన నిలబడింది. ఏదో చెప్పబోతుంటే ఆయనే, "కూర్చో పాపా, ఆకలైతాండాది," అన్నాడు. అప్పటిదాకా వంటింటి గుమ్మం దగ్గర వీళ్ల కోసమే కాచుకున్నట్టు నిలబడిన మార్త వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేనొక మాట చెప్పాలండీ," అంది. "నన్ను ఖాళీ ఇసుక చూపించమన్నారు. ఏటి చేస్తాను, నాకు చేతకాలేదు. ఇన్నేళ్ల అలవాటు. కడ్డీ ఊరికే పెట్టమంటే చెయ్యి పోదు. అక్కడ కప్పచేప ఉన్నాది."

"కప్పచేప అంటే?" అన్నాడు అచ్యుత్.

"ఫ్రాగ్‌ఫిష్ అంటారు. గోరంత పిల్ల. ఆ తుప్పురంగు స్పాంజి పక్కన, దాని రంగులోనే కూర్చున్నాది. నేను నిజంగానే చూపించాను. మీరు ముగ్గురూ చూశామన్నారు. ఒక్కరూ చూడలేదు."

హేమలత తల పట్టుకుంది. ఏటేటా సముద్రంలో దిగుతూ, ఎన్ని ఫొటోలు తీసిందో లెక్కలేని మనిషి. కప్పచేప కనబడితే చాలని పోయినేటి నుంచీ అంటోంది. ఏమీ లేదనుకుని దాని మొహం మీదే సున్నా చుట్టి వచ్చింది.

నవ్వు మొదట అచ్యుత్ భుజాల్లో మొదలై మెల్లగా పొట్టలోకి దిగింది. "నేను మీసాలన్నా చూసినాను," అన్నాడు. "మీరిద్దరూ అవి కూడా చూడలేదు."

"మీసాలు లేవండీ దానికి," అంది మార్త కచ్చితంగా.

"లేకపోతే పోనీలెండి. మనసుకు ఉండాయి." ఆ మాటకు హేమలత కూడా నవ్వింది. వంటింట్లోంచి మళ్లీ అన్నం వచ్చింది. ముగ్గురూ మధ్యాహ్నానిది కూడా కలిపి తిన్నారు.

తిన్నాక మార్త తన గదిలోంచి ఒక మాస్కు తెచ్చి అచ్యుత్ ముందు పెట్టింది. అద్దం కింది భాగంలో రెండు చిన్న దళసరి బిళ్లలు అతికించి ఉన్నాయి. "నలభై దాటాక అందరికీ ఇంతే. ఇది నాదే. నేను లెన్సులు లేని దాంతో ఒక పూట సర్దుకుంటాను. రేపు మీరు పెట్టుకోండి," అంది. అచ్యుత్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. చుట్టూ చూశాడు. ఆ పాకలో ఆయన్ని పెద్దాయనా అనేవాళ్లెవరూ కనబడలేదు. ఉన్నవాళ్లలో సగం మంది ఆయనకంటే పెద్దవాళ్లు.

మర్నాడు పొద్దున అదే చోటికి దిగారు. విరిగిన కొమ్మ, స్పాంజి, ఇసుక. మార్త కడ్డీ పెట్టింది. అచ్యుత్ మోకాళ్లు ముడిచి, మొహం దించి, కొత్త బిళ్లల్లోంచి చూశాడు. ముందు స్పాంజి మీద రంధ్రాలు కనబడ్డాయి. అన్ని రంధ్రాలుంటాయని ఆయనకు తెలియదు. ఇసుక రేణువులు విడివిడిగా కనబడ్డాయి. అందులో తెల్లవీ, గులాబీవీ, గాజుముక్కల్లాంటివీ ఉన్నాయి. కడ్డీ కొన పక్కన స్పాంజి బొడిపె ఒకటి ఉంది. ఆ బొడిపెకు కన్ను ఉంది.

ఆ కన్ను ఆయన వైపు తిరిగింది.

ఆయనకు ఊపిరి తీయడం కూడా గుర్తు రాలేదు. తర్వాత ఒక్కసారిగా బుడగలు వదిలాడు. బొడిపె కదలలేదు. మెల్లగా దాని ఆకారమంతా విడివడింది. బుంగమూతి, చేతుల్లా మడిచి పెట్టుకున్న రెక్కలు, నుదుటి మీద దారంలాంటి గాలం. గాలం చివర చిన్న తెల్లటి ఎర. ఆ ఎరను అది ఊపింది. ఆపింది. మళ్లీ ఊపింది. ఎటునుంచో నూగుగింజంత చేపపిల్ల ఒకటి వచ్చింది, మరుక్షణం లేదు. కప్పచేప మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. అంగట్లో బేరం తెగాక గల్లా వెనక కూర్చున్న మనిషిలా కూర్చుంది. ఆ తర్వాత ఒళ్లంతా నోరై ఆవులించింది.

అచ్యుత్ పక్కకు చెయ్యి చాచి వరూధిని మణికట్టు పట్టుకున్నాడు. ఆవిడ అప్పటికి కడ్డీ చుట్టూ నాలుగు దిక్కులా వెతుకుతోంది. ఆవులింత వల్ల ఆవిడకూ దొరికింది. ఇద్దరూ తలలు ఆనించుకున్నట్టు వంగి చూస్తూ ఉండిపోయారు.

మిగిలింది హేమలత. కెమెరా పట్టుకుని అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసింది. అచ్యుత్ ఆమె వైపు తిరిగి, సున్నా చుట్టి, కనుబొమ్మలు ఎగరేశాడు. చూసినావా అని. హేమలత ఆ స్పాంజినీ, బావనూ చూసింది. ఆమె చెయ్యి సున్నా చుట్టడానికి సగం దాకా లేచింది. తర్వాత వేళ్లు విప్పి, అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి అటూ ఇటూ ఊపింది. అప్పుడు అచ్యుత్ మార్త చేతిలోంచి కడ్డీ తీసుకోబోయాడు. మార్త ఇవ్వలేదు. తానే ఓపిగ్గా మళ్లీ చూపించింది. హేమలతకు కనబడేసరికి ఆమె సిలిండరులో గాలి సగానికి తగ్గింది.

మిగిలిన రోజుల్లో అచ్యుత్‌తో వేగడం కష్టమైంది. మాస్కు తిరిగిచ్చేయమంటే మార్తకు ఇవ్వలేదు. ఆవిడ పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఇంకో జత బిళ్లలు తెప్పించుకోవాల్సి వచ్చింది. అందరూ పైకి వచ్చాక కూడా ఆయన అడుగునే ఉండేవాడు. భోజనాల దగ్గర రొయ్య మీసాల పొడవు గురించి ముసలి దొరతో వాదించాడు. ఒకరోజు పైనుంచి ఒక సొరచేప నెమ్మదిగా వెళ్లిందట. దొర దంపతులు చూశారు. ఆయన ఒక పగడపు సందులో తల పెట్టుకుని ఉండి దాన్ని చూడలేదు. చూడలేదని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

పూలు పట్టుకున్న పీత మాత్రం మళ్లీ దొరకలేదు. మార్త ఎన్ని రాళ్ల దగ్గర ఆగినా, అచ్యుత్ ఎన్ని సందుల్లోకి తొంగిచూసినా కనబడలేదు. తిరుగు పడవలో ఆయన రంగు చెప్పమని బతిమాలాడు. వరూధిని కొబ్బరినీళ్లు తాగుతూ సముద్రాన్ని చూసింది కానీ చెప్పలేదు.

"అయితే వచ్చే ఏడు మళ్లీ రావాల," అన్నాడు ఆయన.

"మీకు అంగడి ఉండాది కదా. నేనూ హేమా వస్తాంలెండి."

"పెద్దమునియప్ప ఉండాడు," అన్నాడు అచ్యుత్.

బెంగళూరు చేరిన మరుసటి శనివారం హేమలత సర్జాపుర రోడ్డు నుంచి పనిగట్టుకుని వచ్చి, అక్కనూ బావనూ గాంధీబజారులో ఒక కళ్లద్దాల అంగడికి తీసుకెళ్లింది. ఫ్రేములు తానే ఎంచుతానంది. పెట్టుకున్న ప్రతిదానికీ ఒక పేరు పెట్టింది. ఇది హెడ్‌మాస్టరు, ఇది సినిమాలో డాక్టరు, ఇది పంచాంగం చెప్పే స్వామి. చివరికి అందులో కాస్త బాగున్నది వరూధిని తీసి చేతికిచ్చింది. అంగడివాడు పరీక్ష కోసం ఒక లెన్సు పెట్టి, చేతికొక అట్ట ఇచ్చాడు. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి, అన్నీ కన్నడంలో.

అచ్యుత్ పై వరుస నుంచి మొదలుపెట్టాడు. చెయ్యి చాచలేదు. రెండో వరుస, మూడో వరుస, ఆపకుండా చదివాడు. ఆఖరి వరుస కూడా అయిపోయింది. అంగడివాడు అట్ట తీసుకోబోతే ఇవ్వకుండా, అంచున ఉన్న అచ్చాఫీసు పేరు చదివాడు. దాని కింద చీమకాళ్లలాంటి అక్షరాల్లో ఉన్న వీధి పేరు చదివాడు.

"సాకు సార్, ఇంక చాలు, సరిపోయింది," అన్నాడు అంగడివాడు.

అచ్యుత్ అట్టను వెనక్కి తిప్పి చూశాడు. అటువైపు ఖాళీగా ఉంది.

"ఇంతకన్నా చిన్నది ఇంకేమన్నా ఉండాదా అప్పా?" అని అడిగాడు.